అమ్మ కాలి వాపుని నీరనుకుని ఆముదం రాశాం, స్కాన్‌లో రక్తం గడ్డ అని తేలింది

గోదారి_గట్టు

మా అమ్మకి 71 ఏళ్లు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి సగం కీలు మార్చారు, ఆరో రోజు ఇంటికి పంపేశారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది, అన్నం తింటోంది, గండం గడిచిందనుకున్నాం. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు ఎడమ పిక్క వాచింది. "కోసిన కాలే కదా, నీరు దిగుంటుంది" అంది పిన్ని. ఆముదం వెచ్చచేసి రెండు రాత్రులు నేనే కాలు పట్టాను. మూడో రోజు పొద్దున మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ గుమ్మం దాకా వెళ్లేసరికే ఆయాసం, ఒళ్లంతా చెమట. వేరే ఆసుపత్రికి పరిగెత్తాం. డాప్లర్ అనే రక్తనాళాల స్కాన్‌లో తొడ సిరలో గడ్డ కనిపించింది. సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న గడ్డలున్నాయి.

నిన్న ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. గడ్డ కోసం రోజుకి రెండు పూటలా పొట్టకి ఇంజెక్షన్ ఇస్తున్నారు. నా బాధ రెండు రకాలు. ఇలాంటి ప్రమాదం ఉందని మొదటి ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. రెండోది, నేను కాలు పట్టడం వల్లే గడ్డ పైకి పోయిందా? రాత్రి కన్ను మూతపడితే నా చేతులే కనిపిస్తున్నాయి.

తెనాలి_బుల్లోడు

మా బాబాయికీ అచ్చం ఇలాగే అయింది. మేం ఆముదం బదులు నొప్పుల బామ్ వాడాం, అంతే తేడా. ఆయన బాగానే ఉన్నాడు ఇప్పుడు, కంగారుపడకండి.

వార్డు_సిస్టర్

పద్నాలుగేళ్లుగా సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. గోదారి_గట్టు గారూ, ముందు మీ రెండో ప్రశ్న. గడ్డ ఉన్న కాలిని పిసకకూడదు, అది నిజం. కానీ ఎవరూ ముట్టుకోకుండా మంచం మీదే ఉన్నవాళ్లకీ గడ్డలు ఊడి ఊపిరితిత్తులకి వెళ్తూనే ఉంటాయి. మీ చేతి వల్లే జరిగిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. తప్పు చేశానని కుమిలిపోవద్దు.

వాపు గురించి ఒక మాట. ఆపరేషన్ తర్వాత కాలు కొంచెం వాచడం మామూలే. అనుమానం పడాల్సింది ఒక్క కాలే వాచినప్పుడు, అందులోనూ తగ్గాల్సిన వాపు రోజురోజుకీ పెరుగుతున్నప్పుడు. మా వార్డులో దర్జీ టేపు ఒకటి మేకుకి వేలాడుతూ ఉంటుంది. మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బుడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలతా తీస్తాం. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్‌కి ఫోన్ వెళ్తుంది. కొలిచిన చోట పెన్నుతో గీత పెడితే మర్నాడు కూడా అక్కడే కొలవొచ్చు.

ఇంకొకటి. డిశ్చార్జ్ కాగితం మీ దగ్గర ఉందా? మందుల జాబితా ఒకసారి చూడండి.

సందేహాల_సుబ్బారావు

మీరంతా భయపెట్టేస్తున్నారు. 1988లో మా నాన్నగారికి తుంటి విరిగితే ఆరు వారాలు కాలికి బరువు కట్టి మంచం మీదే పడుకోబెట్టారు. పొట్టకి ఇంజెక్షన్లూ లేవు, మాత్రలూ లేవు. తర్వాత ఇరవై ఏళ్లు బతికారు. ఈ గడ్డల జబ్బు తెల్లవాళ్లది, మనకి తక్కువ అని మా ఫ్యామిలీ డాక్టరే అనేవారు. ఇప్పుడు చేరిన ప్రతివాడికీ ఒక్కోటి వందల రూపాయలు పోసి ఇంజెక్షన్ పొడుస్తున్నారు. బిల్లు పెరగాలిగా మరి.

పాతబస్తీ_పోరడు

సుబ్బారావు సార్ వచ్చిండు, ఇగ థ్రెడ్ పది పేజీలు పోతది 😄

మత్తు_డాక్టర్

సుబ్బారావు గారూ, మీ నాన్నగారు బతికారు కాబట్టి ఆ కథ మీ ఇంట్లో నిలిచింది. ఆ రోజుల్లో వార్డుల్లో వినిపించే ఇంకో కథ ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు విప్పారు, రేపు ఇంటికి పంపుదామనుకున్నారు, పొద్దున్నే బాత్రూమ్‌కి లేచి అక్కడే కూలిపోయారు. "గుండె ఆగిపోయింది" అని రాసేవారు. పోస్ట్‌మార్టమ్ ఎవరు చేయించుకుంటారు? వాటిలో ఎన్ని ఊపిరితిత్తుల గడ్డలో ఎవరూ లెక్క కట్టలేదు. జబ్బు లేదనుకున్నాం గానీ దానికి మనం పెట్టిన పేరు వేరు.

మనవాళ్లకి రాదన్న నమ్మకం మేం చదువుకునేటప్పుడు కూడా ఉండేది. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో ఎండార్స్ అనే అధ్యయనం వచ్చింది. 32 దేశాల ఆసుపత్రుల్లో పడకల దగ్గరికి వెళ్లి చూస్తే, సగానికి పైగా రోగులకి గడ్డ కట్టే ముప్పు ఉంది. ఆ ముప్పు ఉన్నవాళ్లలో కూడా సగం మందికే సరైన నివారణ అందుతోంది. మన దేశం లెక్క విడిగా తీస్తే ఐదుగురిలో ఒకరికి కూడా అందలేదు.

ఎందుకు కడుతుందన్నది 1856లోనే జర్మనీ డాక్టర్ విర్చో చెప్పిన లెక్కకి దగ్గరగానే ఉంది. రక్తం నిలవ ఉండటం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. తుంటి విరిగిన మనిషికి మూడూ ఒకేసారి వస్తాయి. మంచం పట్టింది, ఎముక పక్కన సిర నలిగింది, దెబ్బకీ కోతకీ ఒళ్లు గడ్డకట్టే పదార్థాలు ఎక్కువగా తయారుచేస్తోంది. కాళ్లలో రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. నడిస్తే అది పంపులా పిండుతుంది, పడుకుంటే పంపు ఆగినట్టే.

బిల్లు విషయంలో మాత్రం మీ మాట పూర్తిగా కొట్టిపారేయను. చేరిన ప్రతివాడికీ ఇంజెక్షన్ అక్కర్లేదు. లేచి తిరుగుతున్న పాతికేళ్ల కుర్రాడికి హెర్నియా ఆపరేషన్ అయితే నడిపిస్తే చాలు. ఇటీవల మెదడులో రక్తస్రావమైనవాళ్లకీ, కడుపులో పుండు నుంచి రక్తం పోతున్నవాళ్లకీ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో ముందు లెక్క వేయాలి. ఆ లెక్క వేయకుండా అందరికీ ఇచ్చేవాళ్లూ, ఎవరికీ ఇవ్వనివాళ్లూ ఇద్దరూ ఉన్నారు.

లీడ్స్_లక్ష్మణ్

ఇంగ్లాండ్‌లో 2010 నుంచి ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లందరికీ ఈ ముప్పు లెక్క వేయడం తప్పనిసరి. వయసు, బరువు, క్యాన్సర్, పాత గడ్డలు, గర్భం, కదలలేని స్థితి, రెండో వైపు రక్తస్రావం ప్రమాదం. మా దగ్గర ఆ ఫారం పూర్తిచేయకపోతే కంప్యూటర్ మిగతా మందులు రాయనివ్వదు. అర్ధరాత్రి డ్యూటీలో గబగబా టిక్కులు కొట్టేసే జూనియర్లు ఇక్కడా ఉన్నారులెండి, స్వర్గమేమీ కాదు.

వార్డు_సిస్టర్

అబ్బ, అర్ధరాత్రి టిక్కులు అన్ని దేశాల్లోనూ ఒకటేనన్నమాట.

డల్లాస్_పద్మ

నాకు పెద్దపేగు ఆపరేషన్ అయినప్పుడు రెండు కాళ్లకీ సంచుల్లాంటివి చుట్టి మిషన్‌కి తగిలించారు. నిమిషానికోసారి బుస్సుమని గాలి నిండి పిక్కని పిండుతుంది, మళ్లీ వదులుతుంది. నిద్ర పట్టక ఊడదీసి పక్కన పెట్టేశా. నర్సు వచ్చి "ఇది కాళ్లకి ఉంటేనే పనిచేస్తుంది, మంచానికి ఉంటే కాదు" అని మళ్లీ కట్టింది 😀 గట్టి మేజోళ్లు తొడిగినా ఇదే పని అవుతుందా?

మత్తు_డాక్టర్

పద్మ గారూ, రెండూ ఒకటి కాదు. పక్షవాతం వచ్చి కదల్లేని రోగులమీద పరీక్షించి చూశారు. తొడదాకా వచ్చే మేజోళ్ల వల్ల లాభం కనపడలేదు, పైగా చర్మం పుళ్లు పడింది. 2013లో గాలి సంచుల ఫలితాలొచ్చాయి, వాటితో గడ్డలు తగ్గాయి. రక్తస్రావం భయం వల్ల ఇంజెక్షన్ ఇవ్వలేనివాళ్లకి ఆ మిషనే దిక్కు. కాలికి రక్తం సరిగ్గా అందనివాళ్లకి మాత్రం మేజోళ్లూ వద్దు, సంచులూ వద్దు.

కొత్తమ్మ_కబుర్లు

ఆపరేషన్ అంటే ముసలివాళ్లకే అనుకోకండి. నాకు సిజేరియన్ అయింది. ఇంట్లో బాలింత పథ్యం. మంచం దిగనివ్వరు, నీళ్లు అడిగితే "పొట్ట వస్తుంది, వాతం చేస్తుంది" అని గుక్కెడు పోస్తారు. ఏప్రిల్ ఎండలు, తలుపులు మూసిన గది, తలకి గుడ్డ. పదకొండో రోజు పిక్కలో తీపు మొదలైంది. అత్తయ్య బాలింతకి ఇది మామూలే అన్నారు. అమ్మ నన్ను ఆటో ఎక్కించింది. డాప్లర్‌లో గడ్డ. బిడ్డకి పాలిస్తున్నానని చెప్తే, ఆ ఇంజెక్షన్ వల్ల పాలకి ఇబ్బంది లేదన్నారు. ఆరు వారాలు నా పొట్టకి నేనే పొడుచుకున్నా, ఇంకో ఆరు వారాలు మా ఆయన. ఆయన చేతులు వణికేవి.

తెనాలి_బుల్లోడు

అందరి ఇళ్లలోనూ ఆ పథ్యమే. మా అక్కకి లోటాతో కొలిచి పోసేవారు నీళ్లు.

మత్తు_డాక్టర్

కొత్తమ్మ గారు చెప్పింది చాలా ముఖ్యం. కాన్పు తర్వాత ఆరు వారాల్లో ఈ ముప్పు గర్భంతో ఉన్నప్పటికంటే ఎక్కువ. ప్రసవంలో రక్తం పోకుండా ప్రకృతే గడ్డకట్టే గుణం పెంచి పంపుతుంది. దానికి మనం ఎండగట్టడం, మంచానికి కట్టేయడం తోడు చేస్తున్నాం. పథ్యంలో ఏ కూర పెడతారో మీ ఇష్టం, నీళ్లూ నడకా మాత్రం ఆపొద్దు.

డల్లాస్_పద్మ

ఈ మాటకి టెన్నిస్ తార సెరీనా విలియమ్స్ గుర్తొచ్చింది. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఆయాసం. అంతకుముందే ఒకసారి ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చిన మనిషి కాబట్టి తనకి అర్థమైపోయింది. సీటీ తీయండి, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ పెట్టండి అని తానే అడిగింది. నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందనుకుంది నర్సు. ముందు కాళ్లకి అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ లేదు. తర్వాత సీటీలో గడ్డలు కనిపించాయి. అంత పేరున్న మనిషి మాటే ఒకసారికి వినలేదు.

మత్తు_డాక్టర్

అందుకే కాలి డాప్లర్ బాగుందని ఊపిరితిత్తులకి భరోసా ఇవ్వలేం. డీ-డైమర్ రక్తపరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్తాను. బయటినుంచి వచ్చిన, ముప్పు తక్కువున్న మనిషికి అది మామూలుగా ఉంటే గడ్డ లేదని ధైర్యం చెప్పొచ్చు. ఆపరేషన్ అయినవాళ్లకి, బాలింతలకి, గడ్డ లేకపోయినా అది ఎలాగూ పెరిగే ఉంటుంది. ఆ కాగితం చూసి గుండెలు బాదుకోవద్దు.

అగ్రహారం_అబ్బాయి

చిన్న సందేహం. హెపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తీస్తారని విన్నాను. మా తాతగారు ఉల్లిపాయ కూడా ముట్టరు. నిజమేనా?

పాతబస్తీ_పోరడు

ఈ ప్రశ్నకు రెండు దిక్కులా ఇబ్బందే. మా గల్లీల గూడ గిదే అడుగుతరు.

మందుల_మూర్తి

నిజమే. హెపారిన్, దాన్నుంచి చేసే ఎనాక్సాపారిన్, రెండూ మామూలుగా పంది పేగుల లోపలి పొర నుంచే. ముందే డాక్టర్‌తో చెప్తే పూర్తిగా ల్యాబ్‌లో తయారయ్యే ఫాండాపారినక్స్ ఉంది, మాత్రలూ ఉన్నాయి. కిడ్నీ బాగుందో లేదో చూసి ఏది సరిపోతుందో వాళ్లే చెప్తారు. ప్రాణం మీదికొచ్చిన రాత్రి మాత్రం ఈ చర్చ పెట్టకండి.

గోదారి_గట్టు

వార్డు_సిస్టర్ గారూ, మీరు చెప్పారని డిశ్చార్జ్ కాగితం తీశాను. చేతులు చల్లబడ్డాయి.

మందుల జాబితాలో ఎనిమిది వరసలున్నాయి. ఎనిమిదోది రివరాక్సాబాన్ 10 ఎంజీ, గడ్డ కట్టకుండా వేసుకునే మాత్ర, రోజుకి ఒకటి, 30 రోజులు. కాగితం మడత సరిగ్గా ఆ వరస మీద పడి అక్షరాలు సగం చెరిగిపోయాయి. మందుల షాపు బిల్లు కూడా వెతికాను. అందులో ఏడే ఉన్నాయి. ఇప్పుడు గుర్తొస్తోంది, కౌంటర్‌లో కుర్రాడు "ఒకటి స్టాకు లేదు సార్, రేపు తెప్పిస్తా" అన్నాడు. క్యాల్షియమో విటమినో అయ్యుంటుందని రేపు వెళ్లలేదు. అమ్మ ఆకలి లేదంటే బి-కాంప్లెక్స్ మాత్రం వెతికి మరీ తెచ్చాను.

తెనాలి_బుల్లోడు

అయ్యో.

సందేహాల_సుబ్బారావు

రాశారు సరే, నోటితో చెప్పారా? ఎనిమిది మందుల్లో ఏది ప్రాణం కాపాడేదో, ఏది గ్యాస్ బిళ్లో మామూలు మనిషికెలా తెలుస్తుంది? ఇందులో గోదారి_గట్టు గారి తప్పు నాకైతే కనపడట్లేదు.

వార్డు_సిస్టర్

మొదటిసారి సుబ్బారావు గారితో నేను ఏకీభవిస్తున్నా. మా వైపు నుంచి చెప్తాను. డిశ్చార్జ్ అయ్యే పూట బిల్లు కోసం ఒకరు, ఆటో కోసం ఒకరు, ఇన్సూరెన్స్ కౌంటర్‌లో ఒకరు. కాగితం అందుకునేది మందుల గురించి ఏమీ తెలియని బావమరిది. అతనికి నేను రెండు నిమిషాల్లో అన్నీ చెప్పేస్తాను, అతను అన్నిటికీ తల ఊపేస్తాడు. ఈ మధ్య ఆ గడ్డల మందు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, "ఇది ఏ తారీఖు దాకా?" అని వాళ్లతోనే చెప్పిస్తున్నాను. నా అంతట నేను మొదలుపెట్టిందే, ఆసుపత్రి రూలు కాదు.

మత్తు_డాక్టర్

తుంటి, మోకాలి కీలు ఆపరేషన్లలో గడ్డలు చాలావరకు ఇంటికెళ్లాకే బయటపడతాయి. అందుకే తుంటికి 35 రోజుల దాకా మందు ఇస్తారు. ఆరో రోజు ఇంటికి పంపి, ఆసుపత్రిలో ఇచ్చిన ఐదు రోజుల ఇంజెక్షన్లతో సరిపెడితే సగంలో వదిలేసినట్టే. వాళ్లు రాశారు, మాట నిజం. మీ చేతికి అందేలా చెప్పలేదు, ఆ మాటా నిజం.

మందుల_మూర్తి

మా షాపుల తప్పు కూడా ఒప్పుకోవాలి. లేని మందుని బిల్లులో రాయం. లేని వరస పక్కన కాగితం మీద ఒక గుర్తు పెట్టడానికి ఎంతసేపు? రేపటి నుంచి మా కుర్రాళ్లతో పెట్టిస్తాను.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. నివారణకి ఇచ్చే డోసు వేరు, గడ్డ వచ్చాక ఇచ్చేది వేరు. పాత కాగితంలో 10 ఎంజీ అని ఉందని ఇప్పుడు అదే కొని వేసేయకండి. రివరాక్సాబాన్ అయితే మామూలుగా మొదటి 21 రోజులు 15 ఎంజీ రోజుకి రెండుసార్లు, తర్వాత 20 ఎంజీ ఒకసారి. ఈ 15, 20 బిళ్లలు అన్నంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటికి పట్టవు. ఇలాంటిదే ఇంకో మాత్ర ఎపిక్సాబాన్ లెక్క వేరు, దానికి అన్నంతో పనిలేదు. పేటెంట్లు అయిపోయాక రెండింటి ధరా బాగా దిగింది. అన్నిటికంటే భయం, మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ కొనుక్కుని దీనితో కలిపి మింగేవాళ్లతో. కడుపులో రక్తం కారుతుంది. నొప్పికి పారాసిటమాల్ అడగండి.

గోదారి_గట్టు

ఇంజెక్షన్ అమ్మ బరువుకి లెక్కగట్టి 60 ఎంజీ రెండు పూటలా ఇస్తున్నారు. ఎల్లుండి నుంచి మాత్రలన్నారు, కనీసం మూడు నెలలట. ఇన్ని రోజులైనా గడ్డ కరగలేదేంటని అడిగితే, ఇది కరిగించే మందు కాదన్నారు. మరెందుకు ఇస్తున్నట్టు?

మత్తు_డాక్టర్

గడ్డ ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది. కరిగించే పని మెల్లగా ఒళ్లే చేసుకుంటుంది, వారాలూ నెలలూ పడుతుంది. రక్తం పలచన చేసే మందు అని మనం అలవాటుగా అంటాం గానీ రక్తం నీళ్లలా ఏమీ అవ్వదు, గడ్డకట్టే వేగం తగ్గుతుంది. నిజంగా కరిగించే మందులు వేరే ఉన్నాయి. బీపీ పడిపోయి ప్రాణం పోయేలా ఉంటేనే వాడతారు, ఎందుకంటే మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. మీ అమ్మగారికి బీపీ నిలబడింది, పైగా ఆపరేషన్ పచ్చిగా ఉంది. అది ఇవ్వకపోవడమే మంచి పని.

పాతబస్తీ_పోరడు

మా మామకు కడుపుల ఫిల్టర్ ఏసిన్రు. అందరికీ అదేస్తే ఈ సూదుల లొల్లి ఉండదు గద?

మత్తు_డాక్టర్

అది పెద్ద సిరలో పెట్టే జల్లెడ. రక్తం పోతుండటం వల్ల మందులు ఇవ్వలేనివాళ్లకి, కొన్నాళ్ల కోసం. అక్కడే వదిలేస్తే దాని మీదే గడ్డలు కట్టొచ్చు. మీ మామయ్యది ఎప్పుడు తీస్తారో అడిగారా?

పాతబస్తీ_పోరడు

తీస్తరా? ఎవ్వరు చెప్పలే. రేపే ఫోన్ కొడ్త.

కొత్తమ్మ_కబుర్లు

గోదారి_గట్టు గారూ, ఇంటికెళ్లాక ఇంజెక్షన్ మీరే ఇవ్వాల్సి వస్తే ఒక మాట. బొడ్డుకి రెండంగుళాల దూరంలో, ఒక పూట కుడివైపు, ఒక పూట ఎడమవైపు. చర్మం మడత పట్టుకుని సూది నిలువుగా దింపాలి. సిరంజిలో గాలిబుడగ కనిపిస్తే బయటికి తోయకూడదు, దాన్ని అలాగే ఉంచి ఇవ్వాలట. అయ్యాక రుద్దొద్దు. నేను రుద్ది రుద్ది పొట్టంతా నేరేడుపండు రంగు చేసుకున్నా.

వార్డు_సిస్టర్

నూటికి నూరు మార్కులు. మీరు మా వార్డులో చేరిపోండి. చిన్న కమిలిన మచ్చలకి భయం లేదు. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, తల గట్టిగా తగిలినా తెల్లారేదాకా ఆగకండి.

సందేహాల_సుబ్బారావు

వచ్చే నెల నాకు మోకాలి ఆపరేషన్. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎకోస్ప్రిన్, అదే ఆస్పిరిన్ మాత్ర, ఎలాగూ వేసుకుంటున్నా, అది చాలదా?

పాతబస్తీ_పోరడు

అగో! అందుకేనా సార్ ఇంత వాదించిన్రు 😂

మత్తు_డాక్టర్

కొందరికి ఆస్పిరిన్‌తో నడుపుతారు, ముందు కొన్ని రోజులు బలమైన మందు ఇచ్చి తర్వాత ఆస్పిరిన్‌కి మార్చే పద్ధతీ ఉంది. 2022లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్షలో మొదటినుంచీ ఒక్క ఆస్పిరిన్ మీదే పెట్టినవాళ్లకి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకంటే గడ్డలు ఎక్కువయ్యాయి. గుండె కోసం వేసుకుంటున్నారా, ఇదివరకు గడ్డ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఇవన్నీ మీ సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ చెప్పండి. మందు ఏ తారీఖు దాకా వాడాలో రాయించుకోండి. నడవమన్న రోజున నొప్పి అని పడుకోకండి.

సందేహాల_సుబ్బారావు

సరే. ఎర్ర పెన్ను నేనే జేబులో పెట్టుకెళ్తా.

గోదారి_గట్టు

అమ్మ ఇవాళ వరండా చివరిదాకా నడిచింది, ఆయాసం లేదు. పిన్ని ఆముదం సీసాతో వచ్చింది, గుమ్మంలోనే ఆపేశాను. అమ్మ ఒకటే ప్రశ్న వేస్తోంది. ఈ మందుకి గోంగూర మానేయాలని పక్క మంచం ఆవిడ చెప్పిందట, పొద్దున్నుంచి మొహం ముడుచుకుని కూర్చుంది.

మందుల_మూర్తి

పక్క మంచం ఆవిడ ఎసిట్రోమ్ అనే పాత రకం గడ్డల మాత్ర వేసుకుంటూ ఉంటారు. ఆ మందుకి ఆకుకూరల్లోని విటమిన్ కె అడ్డం వస్తుంది. వాళ్లు కూడా మానక్కర్లేదు, ఒక వారం కూరలన్నీ ఆకుకూరలై, ఇంకో వారం అసలు లేకుండా ఉండకూడదు, అంతే. రక్తం ఎంత వేగంగా గడ్డ కడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మీ అమ్మగారికి ఎల్లుండి మొదలయ్యే మాత్రకి ఆ గొడవే లేదు. గోంగూర పెట్టండి.

గోదారి_గట్టు

చెప్పాను. ఉల్లిపాయ కూడా ఉండాలంటోంది.